వారమున కొక్కమారు వేసికొనవలసిన మాత్ర

(పెదకాకానిలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



కీళ్లవాతపు మందుల మంచిచెడ్డలు పంచాయతీ సభ్యులకు చెప్పుట ఏల యని మీరడుగవచ్చును. చీటి వ్రాసి యిచ్చువరకే వైద్యుని పని. ఆ మందు ఇల్లు చేరిన పిమ్మట ఏనాడు, ఎన్ని మాత్రలు, ఎవరు చెప్పగా మ్రింగుచున్నారో చూడగలవారు గ్రామములోని వారే.

పెద్దవయసులో మోకాళ్లు అరిగి నొచ్చుట వేరు. నేను చెప్పునది వేరు. దీనిని వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబడి కీళ్లమీద దాడి చేయును. ముప్పది, నలువది యేండ్లకే రావచ్చును. పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. తెల్లవారి లేచునప్పటికి వ్రేళ్లు బిగిసి, గంట గడచినను సడలవు. మిరపకాయలు కోసి, తొడిమలు తీసి కూలి సంపాదించు స్త్రీకి వ్రేళ్లు వంగనిచో బ్రతుకుతెరువే లేదు. కావున మందు తప్పదు; దానిని మాన్పించుటకు నేను రాలేదు.

ఈ వ్యాధికి ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దీని పుట్టుకలో మన తెలుగువాని చేయి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లముపై కృషి నడిపిరి. ఆ ఆమ్లమునకు ఎదురు నిలుచు పదార్థములును వారి బృందమునుండియే వచ్చి, రక్తపు కేన్సరునకు మందులైనవి. వారు 1948లో కన్నుమూసిరి. ఆ కోవలోని మందు కీళ్లవాతమునకును పనిచేయునని 1951లో వెల్లడియైనది. 1988లో మెథోట్రెక్సేట్‌ను ఈ వ్యాధికి వాడుటకు అమెరికాలో అనుమతి లభించినది. కేన్సరునకు పెద్ద మోతాదు. కీళ్లకు చిన్న మోతాదు, అదియు వారమునకు ఒక్కనాడే.

ప్రాణాపాయ మిక్కడనే పొంచి యున్నది. రక్తపోటునకు, చక్కెరవ్యాధికి ప్రతిదినము మాత్ర మ్రింగుట మన యిండ్లలో అలవాటు. చీటి ఇంగ్లీషులో నుండును. ఈ మాత్రనుకూడ దినమున కొకటి చొప్పున మ్రింగినచో కొలదిదినములలోనే నోరు పుండ్లు పడును, ఎముకలలోని మూలుగ రక్తకణములను తయారుచేయుట మానును, మరణించినవారును కలరు. చదువుకొన్న దేశములలోను ఈ పొరపాటు తప్పలేదు. మందు పెట్టెలపైననే హెచ్చరిక ముద్రింపవలెనని 2019లో యూరపు మందుల సంస్థ సిఫారసు చేసినది.

మనవారికి వారము గుర్తుండుటకు దారులు లేకపోలేదు. శనివారము ఒంటిపొద్దు ఉండు ఇల్లాలు ఆ దినమును ఎన్నడును మరువదు కదా! వైద్యుని అడిగి అట్టి దినము నొకదానిని నిర్ణయించుకొని, దాని పేరును మాత్రల అట్టమీద పెద్ద తెలుగక్షరములతో వ్రాయించుడు. మెథోట్రెక్సేట్ చెరుపును తగ్గించుటకు వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇత్తురు. రెండును పసుపుపచ్చని చిన్నమాత్రలుగా ఉండుట కద్దు. కావున వేరువేరు డబ్బాలలో నుంచవలెను.

మాత్ర వేసికొన్న మరునాడు వికారము, నీరసము కలుగుట, జుట్టు కొంత రాలుట సామాన్యము. వైద్యునితో చెప్పిన సవరించును. జ్వరము, నోటిపూత, ఆగని పొడిదగ్గు, ఆయాసము, కన్నులు పచ్చబడుట కనబడినచో మాత్ర నిలిపి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. వాంతులు, విరేచనములు పట్టుకొన్న వారమున వైద్యుని అడుగక మ్రింగరాదు. ఒంటిలో నీరు తగ్గినచో మందు బయటికి పోక నిలిచిపోవును. మరియొకటి: విరేచనములకు, మూత్రపు మంటకు కొందరు అలవాటుగా ఇచ్చు సెప్ట్రాన్ జాతి మాత్రలు దీనితో కలిసిన ప్రాణము మీదికి తెచ్చును. మద్యము కాలేయమును చెరచును. గర్భిణులు ఈ మందు వాడనే కూడదు.

స్టీరాయిడ్ల సంగతి మీకు కొంత తెలిసియే యుండును. 1948లో అమెరికాలోని మేయో వైద్యశాలలో కదలలేని కీళ్లరోగి కార్టిజోన్ సూదితో కొలది దినములలోనే లేచి నడచినది. 1950లో నోబెల్ బహుమతి వచ్చినది. చెరుపులును వెంటనే బయటపడినవి. ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. మన ప్రాంతమున “వాతపు సూది” యనియు, పేరు లేని పొట్లములనియు అమ్మునవి పలుమారు ఇవియే. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే, మెల్లగా తగ్గింపవలెను. నొప్పిమాత్రలు పరగడుపున మ్రింగి ఎండలో పనిచేయువారికి కడుపులో పుండు, మూత్రపిండములకు దెబ్బ తప్పవు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏండ్ల తరబడి వాడువారికి కంటిలోపలి పొర చెడవచ్చును. ఆరంభమున నొకసారి, అయిదేండ్లు దాటిన పిమ్మట ఏటేట కంటిపరీక్ష కావలెను. పెదకాకానిలోనే శంకర కంటి ఆసుపత్రి యుండగా దీనికి దూరము పోనక్కరలేదు.

కష్టమంతయు రక్తపరీక్షతోనే. మెథోట్రెక్సేట్ వాడువారికి మొదట కొన్ని వారముల కొకమారు, పిదప రెండు మూడు నెలల కొకమారు రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు చూడవలెను. గుంటూరు పెద్దాసుపత్రికి పోయిన ఒకనాటి కూలి పోవునని మిరపకోతల కాలమున పరీక్ష మానుకొందురు. మాత్రలు మాత్రము మానరు. మీ వార్డులో ఈ మందు వాడువా రెవరో ఆశా కార్యకర్తతో కూర్చుండి తెలిసికొనుడు. పరీక్ష తేదీ దాటినవారిని ఆ వారములోనే పంపించుడు.