ఒక్క పన్ను తేడా
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, డి.ఏ. గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నన్ను గ్యారేజీ అనుభవం ఏదైనా చెప్పమన్నారు. గ్యారేజీలో చేసిన ఘనకార్యాలు మీరు ఇదివరకే విని ఉన్నారు. అందుచేత ఈసారి రిటైరయ్యాక ఇంటిదగ్గర చేసిన ఒక తప్పు చెబుతాను.

మా బావమరిదికి ఓగేరు వాగు పక్కన మూడెకరాల నల్లరేగడి ఉంది. ఎకరం పత్తి, రెండెకరాలు మిరప. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లు వదిలారు గాని, కాలువ చివరి భూములకు అందేది అంతంతమాత్రమే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చినా అతని చేను దాకా లైను లేదు. వాగు నీరు తోడడానికి అయిదు హార్సుపవరు ఆయిలింజనే దిక్కు. ఆ ఏడు కార్తీకమాసంలో, మిరప పూతమీద ఉండగా, ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టింది. “బావా, బజారు మెకానిక్కు వారం రోజులు పడుతుందంటున్నాడు. నువ్వు చూడవా?” అన్నాడు. బస్సు ఇంజన్లు విప్పినవాడిని, సింగిల్ సిలిండరు ఒక లెక్కా అనుకున్నాను.

వసారాలో గోనెపట్టాలు పరిచి విప్పాం. రింగులు, బేరింగులు మార్చాం. టైమింగు గేర్లు కలిపేసరికి చీకటి పడింది.

ఇంజను సంగతి తెలియని ఆడపడుచులకు, పిల్లలకు ఒక మాట. ఫోర్‌స్ట్రోకు ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే కామ్ గేరుకు పళ్ళు సరిగ్గా రెట్టింపు ఉంటాయి. గాలి లోనికి వచ్చే వాల్వును, పొగ బయటకు పోయే వాల్వును వేళకు తెరిచేది ఈ కామే. ఈ రకం ఇంజన్లలో డీజిలు పంపును తొక్కేదీ ఇదే షాఫ్టు. గేర్లమీద చుక్కలు కొట్టి ఉంటాయి. చుక్కకు చుక్క కలపాలి. ముగ్గులో ఒక చుక్క తప్పితే గీతలన్నీ తప్పినట్లే ఇక్కడా జరుగుతుంది.

ఆ గేరుమీద ఎవరో పాత మెకానిక్కు తన గుర్తుకోసం పక్క పన్నుమీద మరో చుక్క కొట్టాడు. నేను టార్చిలైటు వెలుగులో దాన్నే అసలు చుక్క అనుకున్నాను. చేత్తో తిప్పితే ఎక్కడా తగల్లేదు. మూత బిగించేశాను.

మర్నాడు హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు పడిపోయాయి. చివరికి తెల్లపొగతో అందుకుంది. పంపు తగిలించగానే నల్లపొగ కక్కి నీరసపడింది. నాజిలు అనుమానించి టెస్టు చేయించాను. డీజిలు పంపు విప్పించాను. డబ్బు పోయింది, మూడు రోజులు పోయాయి. చేలో పూత రాలుతోంది. బావమరిది నన్నొక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

మూడో రాత్రి వాళ్ళబ్బాయి, “మామయ్యా, టైమింగు ఒకసారి చూద్దామా?” అన్నాడు. “అది నేనే కలిపాను కదరా” అని కసిరాను. పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. తెల్లవారగానే వాణ్ణి లేపి ఫ్లైవీలు పట్టుకోమన్నాను.

ముందు ట్యాపెట్ల సందు సరిచేశాం. పిస్టను పూర్తిగా పైకి వచ్చే చోటు ఫ్లైవీలుమీద సుద్దతో గుర్తు పెట్టాం. పురికొసతో ఫ్లైవీలు చుట్టుకొలత కొలిచి 360తో భాగించాం. చుట్టుకొలత 144 సెంటీమీటర్లుంటే డిగ్రీకి 4 మిల్లీమీటర్లు. కిర్లోస్కరు ఏవీ-1 వంటి ఇంజనులో ఇన్‌లెట్టు వాల్వు పిస్టను పైకి చేరడానికి నాలుగున్నర డిగ్రీల ముందు తెరుచుకుంటుంది. ఎగ్జాస్టు వాల్వు పైకి చేరిన నాలుగున్నర డిగ్రీల తర్వాత మూసుకుంటుంది. అంటే సుద్దగీతకు అటూ ఇటూ 18 మిల్లీమీటర్లలో రెండు వాల్వులూ ఊగాలి. మాకు ఆ ఊపు గీత దాటి చాలా దూరం పోయాక వచ్చింది. క్రాంకు గేరుకు 30 పళ్ళుంటే ఒక పన్ను తేడాకు 12 డిగ్రీలు, ఫ్లైవీలుమీద 48 మిల్లీమీటర్లు. కళ్ళున్నవాడికి కనబడే తేడా! డీజిలు కూడా 23 డిగ్రీల ముందు పడవలసింది 11 డిగ్రీలకు పడుతోంది. ఇక బలం ఎక్కడినుంచి వస్తుంది?

మూత విప్పి, పగటి వెలుగులో గేరు కిరసనాయిలుతో కడిగితే రెండు చుక్కలూ కనిపించాయి. పన్ను మార్చి కలిపి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, వాల్వుల ఊపు గీతదగ్గరే వస్తోందని చూసుకుని బిగించాం. రెండో తిప్పుకే అందుకుంది. ఆ పూటే మిరపకు తడి పెట్టాం. రాలిన పూత తిరిగి రాదు. ఆ ఏడు మొదటి కోత తగ్గింది.

“తప్పు నాజిలుది కాదు, పంపుదీ కాదు, నాది” అని బావమరిదితో చెప్పాను. “పోనీలే బావా, ఇంజను బాగుపడింది కదా” అన్నాడు. పిల్లవాడి ముందు ఆ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. చెప్పాక మనసు తేలికపడింది.

ఇంటిదగ్గర ఇంజను విప్పే మిత్రులకు నా మనవి. గేర్లు ఊడదీయకముందే పాత చుక్కలు కడిగి చూసి, కాగితంమీద బొమ్మ గీసుకోండి. ఎవరో కొట్టిన చుక్కను నమ్మకండి, వాల్వులను అడగండి. డిగ్రీలు మీ ఇంజను పుస్తకం ప్రకారమే చూడండి. మూత బిగించే ముందు రెండు చుట్లు చేత్తో తిప్పండి. చీకట్లో టైమింగు కలపకండి. పక్కనున్న కుర్రవాడు చూద్దామంటే కసరకండి.