పదిహేనేళ్ల జావా పక్కన పెట్టేయాలా?

మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే నా తోటివాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గురూ, పదిహేనేళ్లుగా జావా రాస్తున్నా. ఇప్పుడు కోట్లిన్ అంటున్నారు, గో అంటున్నారు, రస్ట్ అంటున్నారు. మళ్లీ అఆల నుంచి మొదలెట్టాలా?"

నేనూ జావాతోనే అన్నం తింటున్నాను కాబట్టి ఈ ప్రశ్న వెనకాల ఉన్న భయం నాకు తెలుసు. ఇంటి లోను ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. తెలిసిన భాషలో మనం సీనియర్. కొత్త భాషలో నిన్న చేరిన కుర్రాడు మనకంటే ముందుంటాడు.

ముందు ఒక పాత కథ చూద్దాం. కోబాల్ 1959లో పుట్టింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు. 2000 వస్తే లెక్కలు తప్పుతాయని వాటిని సరిచేసే పని బోలెడంత పుట్టుకొచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులు చేసి చాలామంది తెలుగువాళ్లు అమెరికా వెళ్లారు. ఆ గడువు దాటాక ఆ పని తగ్గిపోయింది. కానీ కోబాల్ చావలేదు. 2020లో కరోనా టైమ్‌లో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అడిగారు. అంటే పాతదైనంత మాత్రాన భాష పనికిరాకుండా పోదు. అలాగని దాని మీద గిరాకీ ఎప్పుడూ ఒకేలా ఉండదు.

మరి ఎప్పుడు నేర్చుకోవాలి? నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, ఈ భాష నాకు రోజూ తగిలే ఏ తప్పుని తీసేస్తుంది? మీ ఫోన్లో యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతుంది కదా, దానికి ఒక సాధారణ కారణం నల్. విలువ ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం. 1965లో దీన్ని తెచ్చిన టోనీ హోర్ గారే తర్వాత దాన్ని వంద కోట్ల డాలర్ల పొరపాటు అన్నారు. జావాలో అది చాలాసార్లు యాప్ నడిచేటప్పుడే బయటపడుతుంది. కోట్లిన్ అయితే చాలావరకు కంపైల్ చేసేటప్పుడే పట్టుకుంటుంది. అది నిజమైన లాభం.

రెండు, పాత కోడ్ పక్కనే బతకగలదా? మన స్టీల్ ప్లాంట్‌లో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. గ్యాస్ స్టవ్‌లా రాత్రి ఆపేసి పొద్దున్న వెలిగించేవి కావవి. నడుస్తున్న సాఫ్ట్‌వేరూ అంతే, ఆపేసి మొత్తం తిరగరాస్తామంటే కుదరదు. కోట్లిన్‌ని జావా పక్కనే ఒక్కో ఫైలుగా పెట్టుకోవచ్చు. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్‌కి దాన్ని అధికారికంగా ఒప్పుకున్నా, జావాని తీసేయలేదు.

మూడు, రాత్రి రెండింటికి సిస్టమ్ ఆగిపోతే, నేను కాకుండా ఈ భాష తెలిసినవాళ్లు టీమ్‌లో ఇంకొకరున్నారా? లేకపోతే ఆ భాష ఎంత బాగున్నా ఆఫీసు పనిలోకి తేను. ఇంట్లో నేర్చుకుంటాను.

మూడింటికీ అవును అని వస్తే చిన్న టెస్టుతోనో, రిపోర్టు తీసే టూల్‌తోనో మొదలెట్టండి. అసలు కోడ్ జోలికి ఆఖర్న వెళ్లండి.

కాలేజీలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ ఒక మాట. బ్యాంకులో వడ్డీ ఎలా పడుతుంది, పోర్టులో కంటైనర్ లెక్క ఎలా రాస్తారు, ఇవి నేర్చుకోండి. భాష మారినా ఆ లెక్క మారదు.

మీరు ఏ భాష దగ్గర ఆగి ఆలోచిస్తున్నారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.