మిగతా సగం ఏమైంది?



పంచపట్మలి కొండ మీద తవ్విన బాక్సైట్ 14.6 కిలోమీటర్ల కన్వేయర్ మీద మన రిఫైనరీకి దిగి వస్తుందని దామంజోడిలో చిన్నపిల్లలకూ తెలుసు. బెల్టు మీద ఖనిజం నెమ్మదిగా సాగుతుంది. గనిలో డంపరు మాత్రం ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఈ తేడా తెలియకే నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తప్పు చేశాను.

వేరే ఊళ్లో ఒక డిజైన్ ఆఫీసులో, ఖనిజం పడే తొట్టిని మోసే దూలానికి కంప్యూటర్‌లో స్టాటిక్ లెక్క కట్టాను. అంతా పచ్చరంగే, భద్రమే! మా సీనియర్ ఆ రంగుల బొమ్మను చూడనే లేదు. "బరువు దిగడంవల్ల వచ్చిన శక్తిలో సగమే దూలంలో నిల్వ ఉంది. మిగతా సగం ఏమైందోయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు ఈ బల్ల మీది స్ప్రింగు కాటాలో ఉంది. కిలో రాయిని కొక్కేనికి తగిలించి, చేత్తో పట్టుకుని మెల్లగా దించితే స్ప్రింగు 2 సెంటీమీటర్లు సాగి ఆగిందనుకోండి. రాయి కోల్పోయిన శక్తి సుమారు 0.2 జౌళ్లు, స్ప్రింగు దాచుకున్నది 0.1. మిగిలింది మన చెయ్యి తీసుకుంది. స్టాటిక్ లెక్కలో ఆ చెయ్యి ఎప్పుడూ ఉంటుంది, కనబడదంతే. అదే రాయిని చటుక్కున వదిలితే ఆ సగం గతిజశక్తిగా మారి, స్ప్రింగును దాదాపు 4 సెంటీమీటర్ల దాకా లాగుతుంది. అంటే రెట్టింపు! ఎత్తునుంచి పడితే ఇంకా ఎక్కువ.

తొట్టి కింద మనుషులు పనిచేస్తారు. ఇక్కడున్న కొందరు నాన్నలకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

డైనమిక్ లెక్క మొదలుపెట్టాను. అదీ మోసం చేసింది. ఎవరూ ఇవ్వకుండానే మొత్తం శక్తి పెరుగుతూ పోయింది! కాలాన్ని మరీ పెద్ద ముక్కలుగా కోయడమే కారణం. ముక్కలు చిన్నవి చేశాక పద్దు కుదిరింది: బయటినుంచి చేరిన శక్తి, దూలంలో నిల్వ, కదలికలో ఉన్నది, రాపిడికి పోయినది కలిపితే సరిపోయింది. అప్పుడే ఒత్తిడి అంకెల వైపు చూశాను. దూలం చాలదు. సైజు పెంచి డ్రాయింగు మళ్లీ గీశాం. గడువు నాలుగు రోజులు దాటింది, చీవాట్లూ తిన్నాను.

కాటా ఇక్కడే ఉంచుతున్నాను. భోజనాలయ్యాక పిల్లలు వచ్చి రాయిని రెండు విధాలుగానూ వదిలి చూడండి. ముల్లు ఎంతవరకు పోతుందో ముందే కాగితం మీద రాసుకోండి.