బ్రెజిల్ సోయా దారి

ప్రపంచ సోయా వ్యాపారంలో ఒకప్పుడు అమెరికాదే పెత్తనం. ఇప్పుడు ఆ పీఠం బ్రెజిల్‌ది. ఆ దేశం నడిబొడ్డున సెరాడో అనే విశాలమైన గడ్డిమైదానం ఉంది. అక్కడి మట్టిలో ఆమ్లం ఎక్కువ, భాస్వరం తక్కువ. సేద్యానికి పనికిరాదని దాన్ని వదిలేశారు. 1973లో ఏర్పడిన ఎంబ్రాపా అనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ లెక్క మార్చింది. సున్నం చల్లి నేల పులుపు విరిచారు. సోయా చల్లని ప్రాంతాల పైరు; పగలు పొట్టిగా ఉండే ఉష్ణమండలంలో మొక్క ఎదగకముందే పూత పట్టేది. ఆ తొందరను అణిచే వంగడాలను తయారుచేశారు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియాను విత్తనానికి పట్టించారు. ఈ బ్యాక్టీరియాపై చేసిన కృషికే శాస్త్రవేత్త మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

కొనేవాడు లేనిదే పంట ఎంత పండితే ఏం లాభం? 2009 నుంచి బ్రెజిల్‌కు అతిపెద్ద వాణిజ్య భాగస్వామి చైనా. 2018లో అమెరికా సోయాపై చైనా 25 శాతం సుంకం వేయగానే ఓడలు బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు వైపు తిరిగాయి. మన దేశమూ అక్కడి సోయా నూనె కొంటోంది.

ఇందులో మెచ్చుకోలేనిదీ ఉంది. సేద్యం కోసం సెరాడోలో సహజ వృక్షసంపదను విపరీతంగా నరికేశారు. పైగా చైనాకు వెళ్లేది ఎక్కువగా గింజే. నూనె, పిండి తీసే పని, దాని లాభం చైనా మిల్లులవే.