స్వతంత్ర కంప్యూటరు వృత్తి - మారుతున్న పన్నుల నియమాలు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పన్నుల మాట యెత్తితే సభలో సగంమంది గడియారం చూసుకుంటారని మాకు తెలియనిది కాదు. అయినా యీ విషయాన్నే యెంచుకున్నాము. ఒకప్పుడు మన ఇళ్ళలో "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే సర్కారు నౌకరీ అనో, దుకాణం అనో, గల్ఫ్‌లో వున్నాడనో జవాబు వచ్చేది. ఇప్పుడు "ఇంట్లోనే కంప్యూటరు పని, ఉద్యోగం కాదు, కాంట్రాక్టు" అనే జవాబు కూడా తరచు వినిపిస్తున్నది. అమ్మాయిలు కూడా యీ పనిలో వున్నారు. సంపాదన బాగానే వుంటున్నది. కాని జీతం తీసుకునేవానికి పన్ను లెక్కలు కంపెనీవారే చూస్తారు. కాంట్రాక్టువానికి చూసేవారెవరూ లేరు. నియమం మారితే ఆ సంగతి నోటీసు వచ్చిన రోజున తెలుస్తున్నది. కాబట్టి మనమే కొంత తెలుసుకొని వుండటం మంచిది.

మొదట తేల్చుకోవలసిన ప్రశ్న: మనం చేసేది కొలువా, స్వతంత్ర వృత్తా? కాగితం మీద "కన్సల్టెంటు" అని వ్రాసినంత మాత్రాన సరిపోదు. పని వేళలు, సెలవులు కంపెనీయే నిర్ణయిస్తూ, ప్రతి పనీ పైవాడు చెప్పినట్లే చేయిస్తూ, మరొకరికి పనిచేయరాదని కట్టడి చేస్తే అది కొలువు లక్షణమే. అటువంటి సొమ్మును జీతంగానే లెక్కించాలని పన్ను శాఖవారు వాదించవచ్చు. ఇది మన దేశానికే పరిమితమైన తగాదా కాదు. బ్రిటన్‌లో 'ఐ.ఆర్. 35' అనే నియమం 2000 సంవత్సరం నుండి వుంది. సొంత కంపెనీ పేరుతో బిల్లు చేస్తూ నిజానికి ఉద్యోగివలె పనిచేసేవారిని పట్టుకోవటానికి దాన్ని పెట్టారు. 2017లో ప్రభుత్వ సంస్థలలోను, 2021 ఏప్రిల్ నుండి ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా కంపెనీలలోను, 'ఇతడు ఉద్యోగా, కాదా' అని తేల్చే బాధ్యత పని చేయించుకునేవారి మీద పడింది. ఆ భారం మనకెందుకని కొన్ని కంపెనీలు కాంట్రాక్టువారిని తీసుకోవటమే మానుకున్నాయి. అక్కడున్న మన పిల్లలు కొందరికి యీ సంగతి అనుభవమే.

ఇక మన దేశం సంగతి. 1994లో సర్వీసు టాక్సు వచ్చినప్పుడు అది నూటికి 5 రూపాయలు. సాఫ్ట్‌వేరు సేవలు 2008 మే 16 నుండి దాని కిందికి వచ్చాయి. 2016 జూన్ నాటికి, సెస్సులతో కలిపి, అది నూటికి 15 అయింది. 2017 జులై 1న జి.యస్.టి. వచ్చి దాన్ని 18 చేసింది. అయితే చిన్నవారికి ఒక మేలు కూడా జరిగింది. సర్వీసు టాక్సులో ఏడాదికి 10 లక్షల వరకే మినహాయింపు వుండగా, జి.యస్.టి.లో మన రెండు తెలుగు రాష్ట్రాలలోను సేవలకు 20 లక్షల వరకు రిజిస్ట్రేషను అక్కరలేదు. మొదటి మూడు నెలలూ ఒక చిక్కు వుండేది. గుంటూరులో కూర్చొని బెంగళూరు కంపెనీకి బిల్లు వ్రాస్తే, రాష్ట్రం దాటింది గనుక మొదటి రూపాయి నుండే రిజిస్ట్రేషను కావాలన్నారు. 2017 అక్టోబరు 13న సేవలు అందించే చిన్నవారికి ఆ నిర్బంధం తొలగించారు. ఆనాడు భయపడి నమోదు చేయించుకొని, తరువాత రద్దు చేయించుకోక, పని లేకపోయినా నెల నెలా రిటర్నులు వేయవలసి వచ్చినవారు వున్నారు. నియమం మారినప్పుడల్లా మన కాగితాలు కూడా మారాలని దీనివల్ల తెలుస్తున్నది.

విదేశాలకు చేసే పని సంగతి చాలామంది అడుగుతుంటారు. విదేశీ కక్షిదారునికి సేవ చేసి, విదేశీ మారకంలో సొమ్ము తెచ్చుకుంటే, మిగతా షరతులు కూడా కుదిరినప్పుడు అది ఎగుమతి. దాని మీద పన్ను సున్న. "పన్ను సున్న కదా, మనకు జి.యస్.టి.తో పనేమి?" అంటారు. అక్కడే పొరపాటు. 20 లక్షల లెక్కలో ఎగుమతి సొమ్ము కూడా చేరుతుంది. ఆ హద్దు దాటితే రిజిస్ట్రేషను తప్పదు. పన్ను కట్టకుండా ఎగుమతి చేయటానికి ఏటేటా ఒక హామీపత్రం ఆన్‌లైనులో దాఖలు చేయాలి. సొమ్ము విదేశం నుండి వచ్చినట్లు బ్యాంకువారిచ్చే ధ్రువపత్రం భద్రంగా దాచుకోవాలి.

ఇక ఇన్‌కం టాక్సు. 2016 బడ్జెటు 44 ఎ.డి.ఎ. అనే సెక్షను తెచ్చింది. డాక్టర్లు, వకీళ్ళు, ఇంజనీర్లతోపాటు కంప్యూటరు వృత్తివారికి కూడా యిది వర్తిస్తుంది. ఏడాది రాబడి 50 లక్షలు దాటకపోతే అందులో సగం లాభంగా చూపి పన్ను కట్టవచ్చు. ఖాతా పుస్తకాలు వ్రాయనక్కరలేదు, ఆడిటు అక్కరలేదు. నగదు రాబడి నూటికి 5కు మించనివారికి 2023-24 నుండి యీ హద్దును 75 లక్షలు చేశారు. సగానికి తక్కువ చూపదలచుకుంటే మాత్రం, ఆదాయం పన్ను పడే స్థాయిలో వున్నప్పుడు, పుస్తకాలూ ఆడిటూ రెండూ కావాలి.

ఒక లెక్క చూద్దాం. ఒక కుర్రవాడు ఇక్కడి కంపెనీకి నెలకు లక్షన్నర బిల్లు చేస్తాడనుకోండి. ఏడాదికి 18 లక్షలు. కంపెనీవారు వృత్తి సేవ కింద నూటికి పది చొప్పున 1 లక్షా 80 వేలు టి.డి.యస్. పట్టుకుంటారు. 44 ఎ.డి.ఎ. ప్రకారం అతని ఆదాయం 9 లక్షలు. 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి రాయితీ వుంది గనుక అతనికి పన్నే లేదు. పట్టుకున్నదంతా తిరిగి రావాలి. కాని అడిగితేనే వస్తుంది, అంటే గడువులోగా రిటర్ను వేస్తేనే. "పది శాతం కోశారు కదా, మన పని అయిపోయింది" అని ఊరుకుంటే ఆ సొమ్ము సర్కారు దగ్గరే వుంటుంది.

అదే యింకొకతనికి విదేశం నుండి ఏడాదికి 36 లక్షలు వస్తున్నాయనుకోండి. సగం 18 లక్షలు. ఆ ఏడాది లెక్కన సెస్సుతో కలిపి పన్ను 1 లక్షా 66 వేల 400. ఇతనికి టి.డి.యస్. పట్టేవారెవరూ లేరు. మార్చి 15లోగా తానే ముందస్తు పన్ను కట్టాలి. లేకపోతే వడ్డీ పడుతుంది. ఇదే 36 లక్షలు జీతమైతే, 75 వేల తగ్గింపు పోగా, పన్ను 6 లక్షల 63 వేలయ్యేది.

ఇంత తేడా చూసి "ఉద్యోగం మానేసి కాంట్రాక్టే చేద్దాం" అనేవారున్నారు. కొందరు యజమానులు కూడా పాత ఉద్యోగినే కన్సల్టెంటుగా మార్చి, తమ వంతు ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ తప్పించుకోజూస్తున్నారు. ఇంట్లో పెద్దలు యీ సంగతి ఆలోచించాలి. కాంట్రాక్టులో జబ్బు చేసిన నెల రాబడి లేదు. కాంట్రాక్టు ముగిసిననాడు చేతికి వచ్చేది లేదు. ఇంటి అప్పుకు బ్యాంకుకు వెళితే వారు రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతారు. అందులో చూపిన సగం ఆదాయమే వారి కంటికి కనబడుతుంది. కాబట్టి పన్నులో మిగిలిందంతా ఖర్చు పెట్టుకోవలసిన సొమ్ము అనుకోరాదు. అందులోనుండి ఆరోగ్య బీమాకు, ముసలితనానికి కొంత తీసిపెట్టాలి.

జి.యస్.టి. నమోదైనవారికి మరొక బాధ వుంది. బిల్లు యివ్వగానే పన్ను బాధ్యత మొదలవుతుంది. కంపెనీ మూడు నెలలకు సొమ్ము యిచ్చినా, మన పన్ను గడువు ఆగదు. చేతి డబ్బు పెట్టి కట్టవలసి వస్తున్నది. అటువైపు సొమ్ము అందినప్పుడు అందులోని పన్ను భాగాన్ని సొంతానికి వాడుకొని, తరువాత నూటికి 18 వడ్డీతో కట్టేవారూ వున్నారు. అది మన సొమ్ము కాదు, మన దగ్గర వున్న అమానతు. వేరే ఖాతాలో పెడితే యే చిక్కూ లేదు.

ఆలస్యపు చెల్లింపులకు చట్టంలో ఒక మందు వుంది. ఉద్యం నమోదు చేయించుకుంటే మనది కూడా సూక్ష్మ పరిశ్రమ కిందికి వస్తుంది. నమోదుకు రుసుము లేదు. ఒప్పందం వుంటే 45 రోజులలోగా, లేకపోతే 15 రోజులలోగా కంపెనీ సొమ్ము చెల్లించాలి. 2023-24 నుండి మరొక నిబంధన చేరింది. ఆ గడువు మీరితే, చెల్లించిన సంవత్సరం దాకా కంపెనీవారు ఆ ఖర్చును తమ ఆదాయంలోనుండి తగ్గించుకోలేరు. కనుక బిల్లు మీద ఉద్యం నంబరు వేయటం మరువరాదు.

1961 నాటి ఇన్‌కం టాక్సు చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. అది 2026 ఏప్రిల్ 1 నుండి అమలు. సగం లాభం చూపే పద్ధతి అందులో 58వ సెక్షనులో వుంది, టి.డి.యస్. సంగతులు 393లో వున్నాయి. 'గత సంవత్సరం', 'అసెస్‌మెంటు సంవత్సరం' అనే రెండు మాటలు పోయి 'పన్ను సంవత్సరం' అనే ఒకే మాట వచ్చింది. పద్ధతి పెద్దగా మారలేదు గాని నంబర్లు మారాయి. పాత నంబర్లతో ఒప్పందాలు వ్రాసుకున్నవారు ఒకసారి సరిచూసుకోవాలి.

చివరగా ఒక మనవి. మన సంఘంలో కామర్సు చదివిన పిల్లలు వున్నారు, అనుభవమున్న ఆడిటర్లు వున్నారు, రిటైరైన ఉద్యోగులు వున్నారు. సంవత్సరంలో రెండు ఆదివారాలు, ఫిబ్రవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి, కార్యాలయంలో కూర్చొని కాంట్రాక్టు పని చేసేవారి కాగితాలు చూసి సలహా చెప్పవచ్చు. ఫిబ్రవరిలో ముందస్తు పన్ను లెక్క తేలుతుంది, జూన్‌లో రిటర్ను సంగతి తేలుతుంది. ఖర్చు లేని సేవ యిది. పెద్దలు కూడా పిల్లలను "ఎంత వస్తున్నది?" అని అడగటంతో ఆగక, "ఒప్పందం ఏది? రిటర్ను వేశావా?" అని అడగాలి.