గ్రంథాలయం తలుపులు తెరిచి ఉంచే ఖర్చు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో సంఘం కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. సంఘం పేరుతో ఒక గ్రంథాలయ భవనం కడదామని, స్థలానికీ కట్టుబడికీ డబ్బు తామిస్తామని కొందరు దాతలు ముందుకొచ్చారు. వారి మంచి మనసుకు మేము రుణపడి ఉన్నాం. అయితే కార్యవర్గంలో చర్చించిన కొద్దీ మాకు వేరే ఆలోచన బలపడింది. కొత్త భవనం ఎత్తే బదులు ఆ డబ్బు ఇప్పుడున్న నగర గ్రంథాలయానికే అందాలని మేము అనుకుంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ముందు న్యూయార్క్ నగరం సంగతి చెప్పాలి. దూరదేశం మాట ఇక్కడెందుకని అనుకోకండి. గ్రంథాలయానికి దాతలు డబ్బిచ్చిన తీరు, అందులో వచ్చిన చిక్కులు అక్కడ వరుసగా కనిపిస్తాయి.

జాన్ జేకబ్ ఆస్టర్ అనే పెద్ద వ్యాపారి 1848లో చనిపోతూ ఆ నగరంలో గ్రంథాలయం కోసం 4 లక్షల డాలర్లు రాసి వెళ్లాడు. 1854లో దాన్ని తెరిచారు. ఎవరైనా లోపలికి వెళ్లి చదువుకోవచ్చు, పుస్తకం మాత్రం ఇంటికివ్వరు. పొద్దు వాలేసరికి మూసేసేవారు. పగలంతా పనిలో ఉండే కూలీకీ గుమాస్తాకూ అది ఉన్నా లేనట్టే. జేమ్స్ లెనాక్స్ అనే మరో ధనికుడు అరుదైన గ్రంథాలు సేకరించి ఇంకొకటి పెట్టాడు. అందులోకి మొదట్లో టికెట్టు తెచ్చుకున్నవారికే ప్రవేశం. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి రెండు సంస్థలకూ డబ్బు కటకట వచ్చింది. ఘనమైన భవనాలున్నాయి, ఘనమైన పుస్తకాలున్నాయి, ఏడాది ఖర్చు గడవడమే కష్టమైంది.

మూడో దాత కథ మరీ విచిత్రం. ఆ రాష్ట్రానికి గవర్నరుగా చేసిన శామ్యూల్ టిల్డెన్ 1886లో చనిపోయాడు. స్వయానా పేరుమోసిన లాయరు. తన ఆస్తిలో సింహభాగం ఉచిత గ్రంథాలయానికి పోవాలని వీలునామా రాశాడు. బంధువులు కోర్టుకెక్కారు. ట్రస్టు గురించి రాసిన భాగం స్పష్టంగా లేదని 1891లో కోర్టు దాన్ని కొట్టేసింది. వారసుల్లో ఒకరు రాజీకి ఒప్పుకోబట్టి సుమారు 20 లక్షల డాలర్లయినా దక్కాయి. లాయరు రాయించుకున్న కాగితానికే ఆ గతి పట్టింది. ఆస్తి ఏమిటో, రాబడి దేనికో, ముతవల్లీ ఎవరో వక్ఫ్‌నామాలో విడమరిచి రాయాలని మన పెద్దలు పట్టుబట్టేది ఊరికే కాదు.

1895లో ఈ ముగ్గురి సొమ్మూ కలిపి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఏర్పాటు చేశారు. పాత నీళ్ల రిజర్వాయరు ఉన్న స్థలాన్ని నగరం ఇచ్చింది, భవనమూ నగరమే కట్టించింది. 1911లో అది తెరుచుకుంది. దాతల సొమ్ము పుస్తకాలకూ నిర్వహణకూ వెళ్లింది. ఈ పంపకాన్ని మీరు కాస్త గుర్తుంచుకోవాలి.

ఇక పేటపేటకూ శాఖలు కావాలి కదా. 1901లో ఆండ్రూ కార్నెగీ 52 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆయనది స్కాట్లండ్‌లో నేతపనివారి ఇల్లు. అమెరికా వచ్చి చిన్నప్పుడే పనిలో చేరాడు. జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి శనివారాల్లో తన సొంత పుస్తకాలు, 400 దాకా, పనిచేసే కుర్రాళ్లకు ఇచ్చేవాడు. ఆ పుస్తకాలే తనను మనిషిని చేశాయని కార్నెగీ చివరిదాకా చెప్పుకున్నాడు. ఆయన డబ్బుతో ప్రపంచంలో 2,509 గ్రంథాలయాలు వెలిశాయి. అంతా పుణ్యపురుషుడని చెప్పబోవడం లేదు. 1892లో ఆయన ఉక్కు కర్మాగారంలో సమ్మె జరిగి ప్రాణాలు పోయాయి. కార్మికుల చెమట సొమ్ముతో గ్రంథాలయమా అని కొన్ని ఊళ్లు ఆయన డబ్బు వద్దన్నాయి కూడా.

మనం నేర్చుకోవలసింది ఆయన పెట్టిన షరతు. భవనానికి డబ్బు నేనిస్తాను, స్థలం మీరివ్వాలి, నేనిచ్చిన దానిలో పదోవంతు ఏటా పన్నుల నుంచి నిర్వహణకు ఖర్చు పెడతామని మాటివ్వాలి అనేవాడు. పదివేలు తీసుకున్న ఊరు ఏటా వెయ్యి పెట్టాలి. తన దానంతో ఊరి బాధ్యతను తప్పించలేదు, ఇంకా గట్టిగా కట్టేశాడు. అయినా కొన్ని ఊళ్లు మాట తప్పాయి. ఆయన స్థాపించిన కార్నెగీ కార్పొరేషన్ అనే ఫౌండేషను ఈ గ్రంథాలయాలు ఎలా నడుస్తున్నాయో విచారణ చేయించింది. 1916 నాటి ఆ నివేదికలో, భవనాలకంటే శిక్షణ పొందిన గ్రంథపాలకుల కొరతే పెద్దదని తేలింది. 1917లో కొత్త భవనాలకు డబ్బివ్వడం ఆపేశారు. వేల భవనాలు కట్టించినవారు కళ్లారా చూసి వచ్చిన నిర్ణయం అది. మా మాటకంటే దాని బరువు ఎక్కువ.

ఆ నగరంలో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. పాతబడిన ఒక పెద్ద శాఖను బాగుచేయడానికి 2017లో గ్రీకు ఫౌండేషను ఒకటి 5 కోట్ల 50 లక్షల డాలర్లు ప్రకటించింది. మిగతా ఖర్చులో పెద్ద భాగం నగరానిదే. 2021లో అది మళ్లీ తెరుచుకుంది.

మనకిది కొత్త పాఠమేమీ కాదు. ఖైబర్‌లో దక్కిన భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, భూమిని నిలిపి ఉంచి దాని ఫలసాయాన్ని దానం చేయమని దైవప్రవక్త (సఅసం) సలహా ఇచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. దాన్ని అమ్మకూడదు, వారసత్వంగా పంచకూడదు. నిర్వహణ చూసుకునే మనిషి మాత్రం అందులోంచి న్యాయంగా తినవచ్చు. ఈ చివరి మాట మేము కావాలనే ఎత్తుతున్నాం. జీతాలకూ కరెంటు బిల్లులకూ ఇస్తే పుణ్యమేమిటని అడిగేవారు మనలో ఉన్నారు.

మన దేశంలోనే పాట్నా ఖుదాబఖ్ష్ గ్రంథాలయం ఉంది. తండ్రి వదిలి వెళ్లిన 1,400 చేతిరాత గ్రంథాలను కొడుకు ఖుదాబఖ్ష్ సుమారు 4,000 చేసి, 1891లో ప్రజల కోసం తెరిచారు. వృత్తికి ఆయన వకీలు. 1890లలో మన హైదరాబాద్‌లో నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ చేశారు. ఆ గ్రంథాలయాన్ని ఇంటి ఆస్తిగా ఉంచుకోలేదు, ట్రస్టుగా రాసి ఇచ్చారు. 1969లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. మన మనిషి పెట్టినది దేశం మొత్తానిదయింది.

ఇక మన ఊరి మాట. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బు మనమంతా కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల బకాయిలు పేరుకుపోతాయి. సాయంత్రం మన నగర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు సొంత పుస్తకాలు సంచిలో తెచ్చుకుని, కుర్చీ దొరక్క మెట్లమీద కూర్చుంటారు. అందులో మన పిల్లలున్నారు, అందరి పిల్లలూ ఉన్నారు. ఆడపిల్లలు చీకటి పడకముందే లేస్తారు. మరుగుదొడ్డి సరిగా లేక మధ్యాహ్నమే వెళ్లిపోయేవారూ ఉన్నారు. మనం వేరే భవనం కడితే ఈ పిల్లల్లో కొందరు అక్కడికి మారతారు, అంతే. పైగా వాచ్‌మన్ జీతం నుంచి ఫ్యాను రిపేరు దాకా ప్రతి ఏటా మళ్లీ మీ ఇంటి తలుపే తట్టాలి.

అందుకని మా ప్రతిపాదన ఇది. వచ్చిన విరాళాలను మూలధనంగా ఉంచి ముట్టుకోం. షరీఅత్ ఒప్పే మార్గంలో దానిమీద వచ్చే రాబడినే ఏటా ఖర్చు చేస్తాం. పోటీ పరీక్షల పుస్తకాలు ఒక్కొక్కటి నాలుగైదు ప్రతులు, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలు, పిల్లల పుస్తకాలు, తాగునీరు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు. ఆడపిల్లల మరుగుదొడ్డి అన్నింటికంటే ముందు. బదులుగా గ్రంథాలయ సంస్థ రాతపూర్వకంగా రెండు మాటలివ్వాలి. రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచడం ఒకటి. మన డబ్బు వస్తోందని తమ ఖర్చు తగ్గించకపోవడం రెండోది. ఈ రెండోది కాగితం మీద లేకపోతే మనం ఇచ్చేది పిల్లలకు చేరదు, ప్రభుత్వానికి మిగులుతుంది. తగ్గించారని లెక్కల్లో తేలితే మరుసటి ఏడాది మన సాయం ఆగుతుంది.

జకాత్ డబ్బు దీనికి దయచేసి ఇవ్వకండి. జకాత్ అర్హుడైన పేదవాడి చేతికి సొంతంగా అందాలి, అందరూ వాడుకునే కుర్చీకి అది చెల్లదని మన ఉలమాలు చెబుతున్నారు. సదఖా, లిల్లాహ్ సొమ్ము మాత్రమే తీసుకుంటాం, రసీదు పుస్తకం కూడా వేరుగా ఉంటుంది.

దాతల పేర్లు రాయించమని కొందరు అడిగారు. గోడమీద పలక ఉండదు. పుస్తకం లోపలి అట్టకు చిన్న చీటీ అంటిస్తాం. అందులో సంఘం పేరు, కొన్న సంవత్సరం ఉంటాయి. తల్లిదండ్రుల ఈసాలె సవాబ్ కోసం ఇచ్చేవారు కోరితే వారి పేరు కూడా అక్కడే వేస్తాం. ఒప్పందం ముసాయిదా ఈ రోజు బల్లమీద ఉంది. చదివి, అభ్యంతరాలుంటే రాసి ఇవ్వండి. భవనానికని మాటిచ్చిన దాతలు తమ మాట మార్చుకోనక్కర్లేదు, వారి అంగీకారం లేకుండా ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా ఇటు మళ్లించం. నెలాఖరులోగా కార్యవర్గ సభ్యులు ఒక్కొక్కరి ఇంటికీ వస్తారు.