క్రీడా భవనానికి చందాలు - ఒక మనవి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కాలేజీకి ఆటలకూ సభలకూ పనికివచ్చే పెద్ద భవనం కట్టాలని కార్యవర్గం తీర్మానించింది. చందాల సంగతి మాట్లాడే పని నాకప్పగించారు. చందా పుస్తకం చూడగానే సందు మళ్లేవారిని నేనెరుగుదును. ఒకప్పుడు నేనూ మళ్లినవాణ్ణే!

అడగడం నామోషీ అనుకునేవారికి ఒక మాట. అలీగఢ్‌లో 1875లో బడిగా మొదలై, 1877లో కళాశాలగా శంకుస్థాపన జరుపుకున్న విద్యాసంస్థ కోసం సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పడని పాట్లు లేవు. లాటరీ నడిపారు, ప్రదర్శనలో దుకాణం పెట్టి పుస్తకాలమ్మారు, ముసలితనంలో రంగస్థలం ఎక్కారు. నవ్వేవారు నవ్వారు, లాటరీ తప్పన్నవారు తప్పన్నారు. దాతల పేర్లు ఆయన గోడల రాళ్లపై చెక్కించారు. సభల కోసం అక్కడ స్ట్రాచీ హాలు లేచింది, ఆ కాలేజీ క్రికెట్‌లోనూ పేరు తెచ్చుకున్నది. తన కోసం అడగలేదు గనుక ఆయనకు సిగ్గనిపించలేదు.

అయితే కట్టడం సగం పనేనండీ. నేను పనిచేసిన ఒక కాలేజీలో (పేరెందుకు లెండి) ఇటువంటి హాలే కట్టారు. వాలీబాల్ నియమాల ప్రకారం కోర్టుపైన 7 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండరాదు. అక్కడ దూలం 5 మీటర్లకే వచ్చింది. బంతి లేపితే ఫ్యానుకు తగిలేది. ప్లాను గీసేటప్పుడు డ్రిల్లు మాస్టారును ఒక్కమాట అడిగినవారు లేరు. తరువాత కరెంటు బిల్లుకు డబ్బు లేక హాలును పెళ్లిళ్లకు అద్దెకిచ్చారు. చెక్కనేల మీద కుర్చీలు ఈడ్చారు, కూరల బిందెలు దించారు. రెండేళ్లలో నేల లేచిపోయింది, పిల్లలు మళ్లీ ఎండలో పడ్డారు. రాతిపలక మీద మా పేర్లు మాత్రం తళతళలాడుతున్నాయి. వాటిలో నా పేరూ ఉన్నది.

అందుచేత నా కోరిక ఇది. వసూలయ్యే ప్రతి రూపాయిలో పావలా నిర్వహణ నిధిగా బ్యాంకులో వేయవలెను. దాని వడ్డీ కరెంటుకు, వాచ్‌మన్ జీతానికి, నేల మరమ్మతుకు. మిగిలిన ముప్పావలాకు ఎంత వస్తే అంతే కడదాం. గ్యాలరీ తర్వాతైనా వేసుకోవచ్చు. పెళ్లిళ్లకు మాత్రం ఇవ్వొద్దు.

ఇంకొకటి, ఇది తల్లులు కూడా వినవలెను. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయినప్పుడు అందరం టీవీ ముందు చప్పట్లు కొట్టాం. మన ఇంటి పిల్ల ఆడతానంటే మాత్రం "అందరూ చూస్తారే, ఎక్కడ ఆడతావు?" అంటాం. ఆ ప్రశ్నకు జవాబే ఈ భవనం కావాలి. సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకే కేటాయించాలి. బట్టలు మార్చుకోవడానికి గొళ్లెమున్న గది కావాలి. నిన్న ప్లాను చూశాను, ఆ గది అందులో లేదు. వి.ఐ.పి. గది మాత్రం ఉన్నది! అధ్యక్షులవారు మన్నించాలి, ముందు దీనిని మార్పించండి.

రసీదు పుస్తకాలు గుమ్మం దగ్గర బల్ల మీదున్నాయి. నా చందా ఉదయమే కట్టాను, రసీదు మీద "నిర్వహణ నిధికి" అని వ్రాయించుకున్నాను. వెళ్లేటప్పుడు మీరూ అట్లాగే వ్రాయించుకోండి.